గోడలు నిటారుగా నిలిచిన చిత్రములు

ఇంటిని చూచుట వేఱు; ఇంటిని ఛాయాచిత్రమున నిలుపుట వేఱు. కెమెరాను పైకి వంచి తీసినచో గోడలు లోనికి వాలినట్లు కన్పట్టును. దానిని నేలకు సమముగా నుంచి, వెనుకకు జరిగి తీసినయెడల స్తంభములు నిటారుగా నిలుచును. గదిలోపల చిక్కు మఱియొకటి: కిటికీకడ వెలుగు మెండు, మూలల చీకటి. అందులకే కెమెరాను ముక్కాలి స్టాండుపై కదలనీక, వెలుతురును హెచ్చుసేపు లోనికి రానిత్తురు.

లాలా దీనదయాళుగారు (1844–1905) ఈ విద్యలో మేటి. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరు మరామతు శాఖలో పటములు గీచుచుండిరి. కట్టడముల తీరెఱిగిన కన్ను వారికట్లలవడెను. పిదప ఆఱవ నిజాముగారి ఆస్థాన ఛాయాచిత్రకారులై, 1894లో రాజా ముసవ్విర్ జంగ్ బిరుదమందిరి. ఈ వృత్తికి ప్రభువుల ధనమే పోషణము. కావున వారి సౌధములే తఱచుగా చిత్రములలో నిలిచినవి. మన మండువా లోగిళ్లను తీయించినవారేరి?

సోదరీమణులారా! నేడు చేతిఫోనులోనే కెమెరా గలదు. పాతయిల్లు పడగొట్టించుటకు ముందు వంటయింటి పొయ్యిని, దూలములను, తులసికోటను, అత్తగారు బియ్యమేరిన అరుగును నెమ్మదిగా తీసియుంచుడని మా మనవి. గోడ కూలినపిమ్మట, ఆ యింట మనమెట్లు మెలగితిమో మనుమరాండ్రకు చూపగలది ఆ చిత్రమొక్కటియే.