పొలం వీడియోకి గొంతు స్పష్టంగా రావాలంటే: ఏ సాఫ్ట్‌వేర్, ఏ ఆడియో ఇంటర్‌ఫేస్?

"ఎకరానికి ఇరవై అన్నాడా, అరవై అన్నాడా?"

వీడియో చూసి కషాయం కలుపుకునే రైతుకి వచ్చే అనుమానం ఇది. ఇరవైకీ అరవైకీ తేడా మొదటి అక్షరంలోనే ఉంది. మూడుకీ ఏడుకీ, ఆరుకీ నూరుకీ కూడా అంతే. గాలి చప్పుడులోనో మోటారు హోరులోనో ఆ ఒక్క అక్షరం కొట్టుకుపోతే చాలు. ఆరు నూరైనా అని మాటవరసకి అంటాం గానీ, మోతాదు దగ్గర నిజంగానే ఆరు నూరైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా. గోమూత్రం పాలు ఎక్కువైతే లేత ఆకు మాడిపోతుందని మనందరికీ తెలిసిందే.

ఇంకో సంగతి. మన వీడియోలు చాలామంది చూడరు, వింటారు. ఫోను జేబులో వేసుకుని, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, కలుపు తీస్తూనో డ్రమ్ములో జీవామృతం తిప్పుతూనో వింటారు. ఆకాశవాణి వ్యవసాయ కార్యక్రమాలు విని సాగు నేర్చుకున్న పెద్దవాళ్లకి ఇది కొత్తేం కాదు. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా సర్దుకుంటారు గానీ, మాట తెలియకపోతే కట్టేస్తారు. అయినా మనవాళ్లు కెమెరాకి పెట్టే ఖర్చులో పదో వంతు కూడా మైకుకి పెట్టరు!

అందుకే నేను చెప్పేది ఒక్కటే పద్ధతి. దృశ్యాలు పొలంలో తీయండి, మోతాదులు, వివరణ ఇంట్లో ఒక గదిలో కూర్చుని రికార్డు చేసి పైన అతికించండి. రైతుతో ముఖాముఖి మాత్రం పొలంలోనే బాగుంటుంది. దానికి చొక్కాకి తగిలించే చిన్న మైకు చాలు. బోయా బీవై-ఎం1 లాంటిదానికి 6 మీటర్ల తీగ ఉంటుంది, నేరుగా ఫోనుకే పెట్టుకోవచ్చు (కొత్త ఫోన్లలో ఆ రంధ్రం లేకపోతే టైప్-సీ కన్వర్టర్ కావాలి). ఇక్కడ చెప్పేదంతా ఇంటి గది గురించే.

ఇంటర్‌ఫేస్ నిజంగా కావాలా?

ఆడియో ఇంటర్‌ఫేస్ అంటే ఏమీ లేదండి, ఓ చిన్న పెట్టె. మైకు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచి, అంకెలుగా మార్చి, యూఎస్‌బీ తీగ ద్వారా కంప్యూటర్‌కి పంపుతుంది. మూడు పిన్నుల గుండ్రటి ఎక్స్‌ఎల్‌ఆర్ మైకు వాడేవాళ్లకే ఇది అవసరం. యూఎస్‌బీ మైకు కొంటే ఈ పెట్టె చేసే పని ఆ మైకు లోపలే జరిగిపోతుంది. ఒక్కరే మాట్లాడతారు, నెలకి రెండు మూడు వీడియోలే పెడతారు అంటే ఇంటర్‌ఫేస్ జోలికి పోవద్దు. శామ్సన్ క్యూ2యూ లాంటి మైకుకి యూఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్ రెండూ ఉంటాయి. ఇవాళ నేరుగా లాప్‌టాప్‌కి పెట్టుకోవచ్చు, రేపు ఇంటర్‌ఫేస్ కొంటే దానికీ పెట్టుకోవచ్చు. మొదటిసారి కొనేవాళ్లకి నా ఓటు దానికే.

ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే వీడియోలు చేస్తారా, అప్పుడు ఇంటర్‌ఫేస్ తీసుకోండి. అది కూడా రెండు మైకులు పట్టేదే తీసుకోండి. రెండు యూఎస్‌బీ మైకులు ఒకే లాప్‌టాప్‌కి పెట్టి రికార్డు చేయడం పెద్ద తలనొప్పి. బెరింజర్ యూఎంసీ22, ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో, ఈ రెండింటికీ మైకు రంధ్రం ఒక్కటే. యూఎంసీ202హెచ్‌డీ, స్కార్లెట్ 2ఐ2లకి రెండేసి. బెరింజర్‌వి చవక, మాటలకి ఏ లోటూ చేయవు. స్కార్లెట్‌లో నాకు నచ్చేది గెయిన్ తిప్పే గుండీ చుట్టూ వెలిగే రంగు. పచ్చగా ఉంటే సరే, ఎర్రగా మారిందంటే గొంతు పగిలిపోతున్నట్టు. ఇంట్లో ఎవరికి అప్పజెప్పినా చూసుకోగలరు.

మైకుల్లో కండెన్సర్, డైనమిక్ అని రెండు రకాలు. కండెన్సర్‌కి ఇంటర్‌ఫేస్ మీద 48వీ అని రాసి ఉన్న మీట నొక్కి కరెంటు ఇవ్వాలి. సున్నితమైనది, పక్కింటి మిక్సీ చప్పుడు కూడా పట్టేస్తుంది. పల్లెటూరి ఇంటికి డైనమిక్కే మేలు. దగ్గరున్న గొంతునే గట్టిగా పట్టుకుంటుంది. కాకపోతే దానికి గెయిన్ ఎక్కువ కావాలి. నాలుగో తరం స్కార్లెట్ సోలో 57 డెసిబెల్స్, 2ఐ2 అయితే 69 ఇస్తుంది. షూర్ ఎస్‌ఎం58 లాంటి మైకుని దగ్గరగా పెట్టుకుని మాట్లాడితే సోలోనే సరిపోతుంది. యూట్యూబ్‌లో అందరి ముందూ కనబడే ఎస్‌ఎం7బీకి మాత్రం కనీసం 60 డెసిబెల్స్ కావాలని ఆ కంపెనీయే చెబుతుంది. ఫోటో చూసి కొనేముందు ఈ లెక్క చూసుకోండి.

కొనకముందే ఒకసారి పరీక్షించాలంటే ఊళ్లో మైక్ సెట్ అద్దెకిచ్చే వాళ్లని అడగండి, వాళ్ల దగ్గర ఉండేవి ఎక్కువగా డైనమిక్ మైకులే. అయితే వాళ్ల తీగకి రెండో వైపు లావు పిన్ను ఉంటుంది. అది ఇంటర్‌ఫేస్‌లో దూరుతుంది గానీ మైకు మార్గంలోకి వెళ్లదు, గొంతు నీరసంగా వస్తుంది. రెండు వైపులా ఎక్స్‌ఎల్‌ఆర్ ఉన్న తీగ విడిగా కొనుక్కోవాలి.

సాఫ్ట్‌వేర్ సంగతి

పాటలు చేసేవాళ్లు వాడే క్యూబేస్, ఎఫ్‌ఎల్ స్టూడియో మనకి అక్కర్లేదు. దుక్కికి రోటవేటర్ చాలిన చోట హార్వెస్టర్ తెచ్చినట్టుంటుంది. దొంగ కాపీలు దించుకోవద్దు కూడా, అదే లాప్‌టాప్‌లో మన బ్యాంకు వివరాలు, బియ్యం అమ్మకాల లెక్కలు ఉంటాయి.

ఆడాసిటీ ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. పాత లాప్‌టాప్ అయినా మోస్తుంది. దగ్గు వచ్చిన చోట, తడబడిన చోట ఎంచి డిలీట్ కొట్టడమే. ఇందులో నాయిస్ రిడక్షన్ అని ఉంటుంది. మాట్లాడకముందు ఐదారు సెకన్లు ఊరికే కూర్చోండి, ఆ నిశ్శబ్దాన్ని నమూనాగా చూపిస్తే మిగతా రికార్డింగ్ అంతటా ఆ రొద తగ్గిస్తుంది. ఇది మట్టి నమూనా తీయడం లాంటిదే. పేడ దిబ్బ పక్కన తీసిన మట్టితో చేను సంగతి తేలుతుందా? నమూనాలో మీ ఊపిరి, కుర్చీ కిర్రుమనడం కలిస్తే మాట కూడా రేకు డబ్బాలోంచి వచ్చినట్టు అయిపోతుంది. మోటారు లాంటి ఒకే తీరు హోరుని తేలిగ్గా తీస్తుంది. వానాకాలం కీచురాళ్లు మాత్రం దానికి లొంగవు, కిటికీ మూయడమే మార్గం.

రెండు మైకులతో తరచూ చేసేవాళ్లకి రీపర్ హాయిగా ఉంటుంది. 60 రోజులు పూర్తిగా వాడి చూడొచ్చు, తర్వాత మనలాంటి చిన్న వాడకందార్లకి లైసెన్సు 60 డాలర్లు. ఇద్దరి గొంతులు వేర్వేరు ట్రాకుల్లో పడతాయి కాబట్టి ఒకరు దగ్గితే ఆ ఒక్కటే కోసేయొచ్చు. నేర్చుకోవడానికి వారం పడుతుంది, అంతే. మ్యాక్, ఐఫోన్ ఉన్నవాళ్లకి గ్యారేజ్‌బ్యాండ్ ఉచితంగానే వస్తుంది.

ఏది వాడినా ఒక విషయం తప్పక చూడండి. రెండు రంధ్రాల ఇంటర్‌ఫేస్‌లో ఒక్క మైకే పెట్టి స్టీరియోలో రికార్డు చేస్తే గొంతు ఎడమ వైపే వస్తుంది. కుడి చెవిలో ఒక్క ఇయర్‌ఫోన్ పెట్టుకున్న రైతుకి ఏమీ వినబడదు! మోనో ఎంచుకోండి. వీడియోకి కాబట్టి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టండి. యూఎంసీ22 అయితే 16 బిట్టే, మాటలకి అదీ చాలు. 24 బిట్ మోనోలో గంట రికార్డింగ్‌కి 520 ఎంబీ లోపే అవుతుంది. గట్టిగా మాట్లాడినప్పుడు లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి. తక్కువైతే తర్వాత పెంచుకోవచ్చు గానీ, పగిలిన గొంతుని ఏ సాఫ్ట్‌వేరూ అతికించలేదు. హెడ్‌ఫోన్‌లో మీ గొంతు మీకే ఆలస్యంగా వినబడి నాలుక తడబడుతుంటే ఇంటర్‌ఫేస్ మీది డైరెక్ట్ మానిటర్ మీట నొక్కండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్ అసలే వద్దు.

గది గురించి కూడా చెప్పాలి. మైకుకీ నోటికీ దూరం సగం చేస్తే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది ప్రతిధ్వని అక్కడే ఉండిపోతుంది. జానెడు దూరం చాలు, నోటికి కాస్త పక్కగా. రేకుల షెడ్డు పనికిరాదు, గచ్చు చేసిన ఖాళీ గది ఇంకా పనికిరాదు. ధాన్యం బస్తాలు, గోనె సంచులు పేర్చిన కొట్టుగదికి మించిన స్టూడియో లేదు. అది లేకపోతే వెనకాల దండేనికి రెండు బొంతలు వేలాడదీయండి. ఫ్యాను ఆపండి. సన్నగా గుయ్‌మని వస్తుంటే లాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి, చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది.

పైన వీడియోలో ఒకే జీవామృతం మోతాదుని మూడు రకాలుగా వినిపించాను: పొలంలో ఫోను మైకుతో, ఇంట్లో యూఎస్‌బీ మైకుతో, అదే గదిలో ఇంటర్‌ఫేస్, డైనమిక్ మైకుతో. రెండోదానికీ మూడోదానికీ తేడా హెడ్‌ఫోన్‌లో తెలుస్తుంది, ఫోను స్పీకర్‌లో పెద్దగా తెలియదు. మొదటిదానికీ రెండోదానికీ తేడా మాత్రం నూతి గట్టు మీద నిలబడి విన్నా తెలుస్తుంది.

మీ వీడియో పెట్టేముందు అదే పరీక్ష చేయండి. ఫోను స్పీకర్‌లో పెట్టి, నడుస్తున్న మోటారుకి పది అడుగుల దూరంలో నిలబడి వినండి. వీడియో సంగతి తెలియని మనిషిని పక్కన పెట్టుకుని, విన్న అంకెలు కాగితం మీద రాయమనండి. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, ఇలా ఉన్నదున్నట్టు రాస్తే పెట్టేయండి. ఎక్కడైనా ఆగి మిమ్మల్ని అడిగితే ఆ ఒక్క వాక్యం మళ్లీ రికార్డు చేయండి. ఇరవై అనే చోట "ఇరవై, అంటే రెండు పదులు" అని చెప్పి, అంకె తెర మీద కూడా వేయండి.