రామతీర్థం కొండల్లో ఎవరి పేర్లు మిగిలాయి?

నెల్లిమర్ల దాటి రామతీర్థం చేరితే మూడు కొండలు పక్కపక్కనే కనిపిస్తాయి. బోధికొండ అని కూడా పిలిచే నీలాచలం రామభక్తులది. దుర్గకొండ మీద జైన తీర్థంకరుల శిల్పాలున్నాయి. గురుభక్తులకొండ మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాలు, విహారాల శిథిలాలు పరుచుకుని ఉన్నాయి. మూడు మతాల చరిత్రను ఒక్కచోట చూపగల ఊళ్లు మనకు అరుదు.

ఆ మధ్య విద్యార్థులతో గురుభక్తులకొండ ఎక్కుతుండగా, మేకలు కాస్తున్న ఒక వృద్ధుడు మాతో మాట కలిపాడు. కింద దళితవాడలో ఉంటాడు. "మా తాత గుంటడప్పుడు దొరొచ్చి ఈ కొండ తవ్వించాడట బాబూ. మట్టి మోసింది మావోలే. మరి ఆ పుస్తకాల్లో మావోల పేర్లున్నాయా?" అని అడిగాడు. ఆ దొర పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ. 1910 ప్రాంతంలో ఇక్కడి శిథిలాలను తవ్వించి నివేదిక రాశాడు. గోడల కొలతలు, ఇటుకల పరిమాణం, దొరికిన వస్తువుల వివరాలు అందులో ఉంటాయి. తట్టలు మోసిన వారి పేర్లను నమోదు చేయడం ఆనాటి నివేదికల పద్ధతి కాదు. లేవని చెప్పడానికి నాకు సిగ్గేసింది.

రాజుల పేర్లకు ఈ సమస్య లేదు. దుర్గకొండ మీది కన్నడ శాసనం తూర్పు చాళుక్య విమలాదిత్యుని కాలానిది, అంటే 11వ శతాబ్దపు తొలినాళ్లది. ఆయన గురువు త్రికాలయోగి సిద్ధాంతదేవుడు ఈ కొండకు భక్తితో నమస్కరించాడని అది చెబుతుంది. రాజు, గురువు వెయ్యేళ్లు నిలిచారు. ఆ గురువుకు దారి చూపినవారు, ఆ రాతిని చదును చేసినవారు నిలవలేదు.

అయితే శాసనాలన్నీ రాజులవే కావు. అమరావతి స్తూపానికి దానమిచ్చిన వారిలో విధికుడనే చర్మకారుడు ఉన్నాడు. ఉపాధ్యాయుడైన నాగుని కుమారుణ్ణని చెప్పుకుని, తల్లి, భార్య, సోదరులు, బిడ్డలతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని సమర్పించాడు. తోలుపని చేసే మనిషి, అతని తండ్రి ఉపాధ్యాయుడు, ఇద్దరి పేర్లూ ఒకే రాతి మీద! తర్వాతి శతాబ్దాలలో ఆ వృత్తివారిని ఊరి వెలుపలికి నెట్టిన సమాజం ఈ రాతిని ఎలా చదవాలి? నేను తరగతిలో ఈ శాసనం గురించి చెప్పిన ప్రతిసారీ వెనుక బెంచీల్లో ఎవరో ఒకరు నిటారుగా కూర్చుంటారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బౌద్ధ యుగాన్ని కులం లేని స్వర్ణయుగంగా చిత్రించడం తేలిక. కానీ దానం చేయగలిగినవాడు కొంత కలిగినవాడే. విధికుణ్ణి శాసనం అతని వృత్తితోనే గుర్తించింది. అంటరానివారి మూలాలను బౌద్ధంతో ముడిపెట్టిన అంబేడ్కర్ 1948 నాటి గ్రంథంపై చరిత్రకారుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం పాతబడలేదు: గతాన్ని ఎవరు రాశారు, ఎవరిని వదిలేశారు?

2020 డిసెంబరు చివర నీలాచలం మీది కోదండరాముని విగ్రహాన్ని దుండగులు ధ్వంసం చేశారు. రాష్ట్ర రాజకీయమంతా రామతీర్థం వైపు కదిలింది. ఆ ఆగ్రహం న్యాయమైనదే. పక్క కొండల మీద ఎండకూ వానకూ అరుగుతున్న ఇటుకల గురించి మాత్రం ఆ నాయకుల్లో ఎవరూ మాట్లాడినట్టు నాకు గుర్తు లేదు. విగ్రహం పగిలితే గాయం కనిపిస్తుంది. నిర్లక్ష్యం చేసే గాయానికి సాక్షులుండరు.

చట్టం లేక కాదు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కానీ కంచె మనుషులను దూరంగా ఉంచుతుందే తప్ప దగ్గరకు తేదు. అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ ఇందుకు పాఠం. కనుమ పండుగనాడు జనం అక్కడి బౌద్ధ కట్టడాన్ని రాక్షసుడి పొట్టగా భావించి రాళ్లు రువ్వేవారు. తమ పూర్వీకులు మొక్కిన చోటేమో అది! ఆ ఆచారాన్ని తగ్గించింది పోలీసు లాఠీ కాదు. ఆ రాళ్ల కథను ఓపికగా చెప్పుకొచ్చిన అభిమానులు.

కథను ఏ భాషలో చెబుతామన్నదీ ముఖ్యమే. 1919లో శ్రీకాకుళం జిల్లా శాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని వెలుగులోకి తెచ్చినవాడు గిడుగు వెంకట రామమూర్తి. సవరల భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిందీ, వ్యావహారిక తెలుగు కోసం పోరాడిందీ ఆయనే. పాత రాళ్లనూ, బతికున్న మనుషుల మాటనూ ఒకే శ్రద్ధతో చూశాడు. ఆయన వారసులమని చెప్పుకునే మా విశ్వవిద్యాలయాలు మొదటిది పట్టుకుని రెండోది వదిలేశాయి.

చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. మూడు కొండల చరిత్రనూ ఊరివారికి అర్థమయ్యే తెలుగులో బోర్డుల మీద రాయాలి. కాపలా, మార్గదర్శనం ఉద్యోగాలు కింది వాడల యువతకు ఇవ్వాలి. గ్రామసభలో ఈ కొండల సంగతి చర్చకు రావాలి. వృద్ధుల జ్ఞాపకాలను బడిపిల్లలతో రాయించాలి. జ్ఞాపకం పొరబడవచ్చు కనుక పరిశోధకులు దాన్ని పరీక్షించాలి. ఆ జ్ఞాపకాల్లో నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికులకూ చోటుండాలి. 1994లో ఇక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవారు కూడా ఈ నేల చరిత్రే.

ఆ రోజు దిగివస్తూ ఆ వృద్ధుణ్ణి తాతగారి పేరు అడిగాం. చెప్పాడు. ఇంటిపేరుతో సహా మా విద్యార్థిని రాసుకుంది. ఆయన ఆమె పుస్తకంలోకి ఒకసారి తొంగిచూసి, "సరిగ్గా రాసినావా అమ్మా?" అని అడిగి, మేకల వెంట వెళ్లిపోయాడు.