పురుగుకి తెలిసింది కోడికి మరిచినాము



ఈ వారం గూళ్ల రేటు గురించి కాదు, చలికాలంలో కోడికి జబ్బు చేస్తే ఏం చేయాలో రాస్తున్నాము. పట్టుపురుగుల గ్రూపులో కోడి సంగతి ఎందుకని అనుకోవద్దు. చింతామణి, శిడ్లఘట్ట పక్క చూసినా, హోసూరు, డెంకణికోట పక్క చూసినా, పురుగులు మేపే ఇంటి ముందర నాలుగు నాటుకోళ్లు తిరుగుతానే ఉంటాయి. ఒక పంట గూళ్లు అమ్మి ఇంకో పంట చేతికొచ్చే లోపల ఉప్పుకీ పప్పుకీ, పిల్లల బస్సు చార్జీకీ ఇంట్లో ఆడవాళ్ల చేతిలో ఆడేది గుడ్ల డబ్బే.

పోయిన మార్గశిరంలో మా ఇంట్లో జరిగింది చెప్తాము. తప్పు మాదే, కాబట్టి దాచేది ఏమీ లేదు.

*ఏం జరిగింది*

అప్పుడు మా ఇంట్లో 150 గుడ్ల పంట. పురుగులు మూడో జ్వరం లేచి ఆకు బాగా తింటా ఉన్నాయి. రాత్రిపూట మంచు, తెల్లవారుజామున చేతులు కొంకర్లు పోయే చలి. పురుగుల ఇంటికి గోనెపట్టలు కట్టి, వేడి చూసుకుంటా ఉన్నాము. కోళ్లు కూడా పాపం చలికి వణుకుతాయని, మిగిలిన నీలం టార్పాలు తెచ్చి గూటికి నాలుగు పక్కలా బిగించి కట్టేసినాము. గూట్లో 14 కోళ్లు.

నాలుగు రోజులకి పొద్దున్నే గూడు తీస్తే చుక్కల పెట్ట బయటికి రాలేదు. ఈకలు ఉబ్బించుకోని, కళ్లు మూసుకోని మూలకి నిలబడింది. కంట్లో నురుగు, ముక్కులో చీమిడి. ఊపిరి తీస్తే గురగుర. ఇంకో మూడు కూడా తుమ్ముతా ఉన్నాయి. ఆ చుక్కల పెట్ట మాకు రెండుసార్లు పిల్లల్ని లేపిన కోడి.

మా అత్త అనింది: "పురుగుల ఇల్లు వెచ్చగా ఉంది కదా, ఒక మూల గంప కింద మూసి పెట్టండి. రెండు రోజుల్లో తేరుకుంటుంది."

మాకూ అదే మంచిదనిపించింది. గంప చేతికి తీసుకున్నాము కూడా. అంతలో పక్కింటి పెద్దాయన వచ్చి, గూటి దగ్గర నిలబడి టార్పాలు పైకెత్తినాడు. ముక్కు మూసుకోని, "మీ పురుగుల ఇంట్లో ఇట్లాంటి ఘాటు కొడితే ఒక గంట ఊరుకుంటారా?" అని అడిగినాడు.

మా దగ్గర జవాబు లేదు. పురుగుల ఇంట్లో గాలి ఆడకపోతే, పడక తడిస్తే, సున్నపుకట్టు వస్తుందని మాకు తెలుసు. చలికాలంలో కూడా పగటిపూట కిటికీలు తీస్తాము, పడక మీద సున్నం చల్లి ఆరబెడతాము. అదే చేత్తో కోళ్లని మాత్రం వాటి రెట్ట ఘాటులోనే నాలుగు రాత్రులు మూసి పెట్టినాము.

*చలి కాదు, తేమ*

ఆరోగ్యంగా ఉండే పెద్ద కోడికి మన పక్క చలి పెద్ద లెక్క కాదు. దాని ఒంటి వేడి 41 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఈకలు ఉబ్బించి, లోపల గాలి పట్టుకోని వేడి నిలుపుకుంటుంది. దాన్ని దెబ్బ తీసేవి మూడు: తడిసిన పడక, నేరుగా ఒంటికి తగిలే ఈదరగాలి, రెట్ట నుంచి లేచే అమ్మోనియా ఘాటు. ఆ ఘాటుకి కళ్లూ ఊపిరితిత్తులూ దెబ్బతింటాయి, అక్కడ జబ్బు సులభంగా చేరుకుంటుంది.

అందుకని గాలి వీచే పక్క మాత్రం గోనెపట్ట కట్టండి. పైన జానెడు సందు వదలండి. కింద వరిపొట్టో, వేరుశనగ పొట్టో పోసి, తడి కాగానే మార్చండి. పొద్దున్నే మీరు గూట్లో తల పెడితే కళ్లు మండకూడదు. అదే పరీక్ష.

*జబ్బు కోడికి మొదటి రోజు*

పెద్దాయన చెప్పినట్లే చేసినాము.

మొదట వేరు చేసినాము. వంటింటి వరండాలో ఒక అట్టపెట్టె, అందులో పొడి పొట్టు. జబ్బు కోడికి మందు కన్నా ముందు కావాల్సింది వెచ్చదనం. చాకీ పురుగులకి పెట్టే 27, 28 డిగ్రీలే దీనికీ సరిపోతుంది. పాత థర్మామీటరు ఉంటే పెట్టెలో వేలాడదీయండి. పాతకాలం 60 వాట్ల బల్బు పెట్టెకి ఒక పక్క మాత్రం, పొట్టుకీ అట్టకీ తగలకుండా గట్టిగా కట్టాలి. ఎక్కువ వేడైతే కోడి ఇంకో పక్కకి జరుగుతుంది. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుంది కానీ వేడి ఇవ్వదు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టొద్దు. ఆ పొగలో రంగూ వాసనా లేని విషం ఉంటుంది, కోడికే కాదు మనకీ ప్రమాదం.

రెండోది నీళ్లు. ఒక లీటరు గోరువెచ్చని నీళ్లలో 6 టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూను ఉప్పు. తాగకపోతే ముక్కు పక్కన ఒక్కొక్క చుక్క వేయండి, అదే నాకుతుంది. నోరు తెరిచి పోస్తే ఊపిరి గొట్టంలోకి పోయి చచ్చిపోతుంది.

మూడోది మేత. నీళ్లు తాగిన తర్వాతే. మెత్తగా పిసికిన రాగిముద్ద, ఉడికించిన గుడ్డు నలిపి కొంచెం. గొంతు కింద మేత నిలిచే సంచిని పొద్దున్నే తడిమి చూడండి. రాత్రంతా గడిచినా నిండుగా, గట్టిగా ఉంటే మేత అరగడం లేదని అర్థం, ఇంకా పెట్టొద్దు.

*పురుగుల ఇంట్లోకి వద్దే వద్దు*

వెచ్చగా ఉందని కోడిని అక్కడ పెడితే రెండు పక్కలా నష్టం. గంప తోసుకోని బయటికొస్తే పురుగులు దానికి పండగ. రెట్ట తేమ, దుమ్ము, బూజు పురుగులకి చెడు. బ్లీచింగు, ఫార్మలిన్ ఘాటు కోడి ఊపిరికి చెడు. పనిలో కూడా వరస ఉండాలి: ముందు పురుగులకి ఆకు, తర్వాత కోడి, ఆ పైన సబ్బుతో చేతులూ కాళ్లూ కడగడం.

ఇంకొకటి. పడక తీసిన చెత్తని కోళ్లు గెలికే చోట పోయొద్దు. అందులో మందుపొడి ఉంటుంది, జబ్బు పురుగులు ఉంటాయి. కోళ్లు వాటిని గెలికి మళ్లీ మన గడప దగ్గరికే తెస్తాయి.

*ఆసుపత్రికి ఎప్పుడు*

మేము రెండో రోజే పశువుల ఆసుపత్రికి తీసుకోని పోతిమి. ఇది కొక్కెర తెగులు కాదు, ఊపిరితిత్తుల జబ్బని డాక్టరు చెప్పి, నీళ్లలో కలిపే మందు 5 రోజులకి ఇచ్చినాడు. మందు తాగే రోజుల్లోనూ, తర్వాత ఆయన చెప్పినన్ని రోజులూ గుడ్లు తినొద్దన్నాడు. ఆవుకి మిగిలిన మందు కోడికి వేసే అలవాటు మానండి.

పచ్చటి నీళ్ల రెట్ట, నోరు తెరిచి ఊపిరి, మెడ తిరగడం, కాలో రెక్కో పడిపోవడం కనిపిస్తే కొక్కెర తెగులని అనుమానించాలి. దానికి మందు లేదు, టీకా ఒకటే దారి. ఒకేసారి చాలా కోళ్లు చనిపోతే ముట్టుకోవద్దు, కొయ్యొద్దు, అమ్మొద్దు. ఆసుపత్రికి చెప్పండి. చచ్చిన కోడిని లోతుగా గుంత తీసి, సున్నం వేసి పూడ్చాలి. సున్నం మన ఇంట్లో ఎప్పుడూ ఉండేదే.

*ఏమయింది*

తుమ్మే మూడింటిలో ఒక చిన్న పెట్ట మూడో రోజు చనిపోయింది. మిగిలిన రెండూ తేరుకున్నాయి. చుక్కల పెట్ట ఐదో రోజు పెట్టెలో లేచి నిలబడి రాగిముద్ద తనంతట తానే పొడిచింది. నెల దాకా గుడ్డు పెట్టలేదు. సంక్రాంతి దాటినాక పెట్టింది. గూళ్లు కూడా ఏ నష్టమూ లేకుండా మార్కెట్టుకి పోయినాయి.

ఇప్పుడు ఒక మాట. కొక్కెర టీకా పిల్లలకి మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో చుక్క, 8 వారాలకి రెక్క కింద సూది. ఆరోగ్యంగా ఉన్న కోళ్లకే వేయించాలి. టీకా సీసా ఒకసారి కలిపితే రెండు గంటల్లోపల వాడేయాలి, మంచులో పెట్టుకోవాలి. ఒక ఇంటి పది కోళ్లకి ఒక సీసా తెరిస్తే మిగిలింది వృథా. అందుకని వీధిలో నాలుగైదు ఇళ్లు కలిసి, పంటకీ పంటకీ మధ్య ఖాళీలో ఒకే రోజు వేయించుకోండి. మేము ఈసారి అట్లనే చేసినాము.

రేపు పొద్దున్నే పురుగులకి ఆకు వేసినాక, ఒకసారి కోళ్ల గూట్లో తల పెట్టి ఊపిరి పీల్చి చూడండి. ఘాటు తగిలితే ఆ టార్పాలు కొంచెం పైకెత్తండి.