చక్రం ఒకటే, నేలలు వేరు

ఒంటిచక్రం సైకిల్ అనగానే మనకు సర్కస్ డేరా గుర్తొస్తుంది. ఆ జ్ఞాపకం తప్పు కాదు గానీ, నాలుగు దశాబ్దాలుగా ఆ యంత్రం బతుకు డేరా బయట కూడా జోరుగా సాగుతోంది. 1982లో అంతర్జాతీయ యూనిసైక్లింగ్ సమాఖ్య ఏర్పడింది. 1984లో అమెరికాలోని సయాసెట్‌లో ‘యూనికాన్’ పేరుతో తొలి ప్రపంచ పోటీలు జరిగాయి. ఇప్పుడు ఆ వేదిక మీద వంద మీటర్ల పరుగూ ఉంది, మారథానూ ఉంది. కొండ ఎక్కడం, దిగడం, రాళ్ల మీద గెంతడం, పాటకు తగ్గట్టు విన్యాసాలు చేయడం, హాకీ, బాస్కెట్‌బాల్ ఉన్నాయి. ఒకే విద్యను పతకాల కోసం పది ముక్కలు చేశారని పైకి అనిపించవచ్చు. నేను అలా అనుకోను. ఈ పోటీలను విడదీసింది నేల. ఏ నేల మీద తొక్కాలో దాన్నిబట్టే యంత్రం కూడా మారింది. ఇందుకు సాక్ష్యం యంత్రం ఒంటి మీదే ఉంది. దాన్ని చదవడానికి వికారాబాద్, తాండూరు మధ్య ఉన్న నేల చక్కగా పనికొస్తుంది.

1870లలో ఇంగ్లండు రోడ్ల మీద తిరిగిన పెన్నీ ఫార్దింగ్ సైకిల్‌కు ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తు, వెనక చక్రం చాలా చిన్నది. పెడల్ నేరుగా ముందు చక్రం ఇరుసుకే బిగించి ఉండేది. గట్టిగా ఆపితే వెనక చక్రం గాలిలోకి లేచేది. అలా లేచిన క్షణంలోనే ఒంటిచక్రం ఆలోచన పుట్టిందని చాలామంది నమ్మకం. 1885లో జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ సైకిల్‌తో గొలుసు నడక స్థిరపడింది, పెద్ద చక్రం అవసరం తీరిపోయింది. సైకిల్ ఆ దారిన పోయింది; ఒంటిచక్రం మాత్రం పాత పద్ధతినే పట్టుకుంది. దానికి ఫ్రీవీల్ లేదు, మామూలుగా గేర్లూ లేవు. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది, కాళ్లు ఆగితే చక్రం ఆగుతుంది. కాబట్టి చక్రం కొలతే గేరు. 20 అంగుళాల చక్రం ఒక చుట్టుకు సుమారు 1.6 మీటర్లు పోతుంది, 24 అంగుళాలది 1.9 మీటర్లు, 36 అంగుళాలది 2.9 మీటర్లు. రెండో కీలకం పెడల్‌ను ఇరుసుకు కలిపే క్రాంకు పొడవు. పొడవైతే బలం ఎక్కువ దొరుకుతుంది, పొట్టిదైతే కాళ్లు వేగంగా తిరుగుతాయి. ఇక నిలబడటం సంగతి: అరచేతిలో కర్రను నిలబెట్టేవాడు అది వాలిన వైపు చేతిని జరిపినట్టే, ఇక్కడ ఒళ్లు ముందుకు వాలితే చక్రాన్ని ముందుకు తోస్తారు. పక్కకు వాలితే నడుము మెలితిప్పి చక్రాన్ని ఆ వైపే తిప్పుతారు. పెద్ద చక్రం బరువు వల్ల వేగం తేలిగ్గా మారదు. తిన్నని రోడ్డు మీద అది వరం, ఇరుకు మలుపులో శాపం.

ట్రాక్ మీద పోటీ పడేది మనుషులు గాని చక్రాలు కావు. అందుకే 24 అంగుళాల విభాగంలో చక్రం వ్యాసం 618 మిల్లీమీటర్లు దాటకూడదనీ, క్రాంకు 125 మిల్లీమీటర్లకు తగ్గకూడదనీ నియమం పెట్టారు. 1994లో పీటర్ రోసెండాల్ వంద మీటర్లను 12.11 సెకన్లలో దాటాడు. ఆ వేగాన్ని ఈ కొలత చక్రానికి లెక్కకడితే సెకనుకు నాలుగు చుట్లకు పైమాటే. రోడ్డు పోటీలో ఈ కట్టడి సడలుతుంది, 36 అంగుళాల చక్రం రాజ్యమేలుతుంది. జపాన్‌కు చెందిన తకయుకి కొయికె 1987లో పెద్ద చక్రం మీద వంద మైళ్లను ఆరు గంటల 44 నిమిషాల్లో పూర్తి చేశాడు. వికారాబాద్ నుంచి తాండూరుకు దూరం సుమారు నలభై కిలోమీటర్లు, అంటే దాదాపు మారథానంత. కంది చేల పక్కగా సాగే అలాంటి దారికి కావలసింది పెద్ద చక్రం, పొట్టి క్రాంకు. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఫ్లోరియన్ ష్లంఫ్ ఈ అవసరం చూసే హబ్ లోపల రెండు గేర్లు ఇమిడ్చాడు. మడమతో మీట నొక్కితే, కాలు ఒక చుట్టు తిరిగేసరికి చక్రం దాదాపు ఒకటిన్నర చుట్లు తిరుగుతుంది.

మూసీ పుట్టిన అనంతగిరి కొండల్లోకి పోతే అదే యంత్రం చేతులెత్తేస్తుంది. ఎర్రటి గుల్లరాతి బాట, చెట్ల వేళ్లు, వానకు కోసుకుపోయిన గండ్లు ఉన్నచోట లావు టైరు, పొడవు క్రాంకు, దిగుడులో కాళ్ల భారం తగ్గించే బ్రేకు కావాలి. కొండ బాటల కోసం, గెంతుల కోసం యంత్రాన్ని గట్టిపరచిన వారిలో ముఖ్యుడు కెనడా భూగర్భ శాస్త్ర నిపుణుడు క్రిస్ హోమ్. పాతరకం నలుపలకల ఇరుసు గెంతుళ్లకు వంగిపోయేది, క్రాంకు వదులయ్యేది. చుట్టూ పళ్లున్న ఇరుసు వచ్చాక ఆ బాధ తీరింది. నన్నడిగితే ఈ యంత్రం జీవితంలో అసలు మలుపు ఇదే. అంతకుముందు మనిషికి ధైర్యం ఉన్నా ఇనుము నిలిచేది కాదు. తాండూరు చేరితే నేల మళ్లీ మారుతుంది. మన ఇళ్లలో పరుచుకునే నాపరాళ్లు పొరలు పొరలుగా ఊడివచ్చే సున్నపురాయి. ఆ గనుల పక్కన పనికిరాని బండల గుట్టలు పేరుకుంటాయి. ట్రయల్స్ అనే పోటీకి అచ్చం ఇలాంటి మెట్లూ అంచులే కావాలి. చిన్న చక్రం, గాలి తగ్గించిన లావు టైరు, కాలు కింద పెట్టకుండా బండ మీద నుంచి బండ మీదికి గెంతడం: ఇక్కడ టైరే స్ప్రింగు. నడుస్తున్న క్వారీలో ఆడమని కాదు. ఏరి తెచ్చిన బండలను ఒక మైదానంలో కుదురుగా పేర్చితే చాలు.

ఇంతా చేసి రెండు చక్రాల సైకిల్ కంటే నెమ్మది కదా, ఎందుకీ కష్టం అని అడగవచ్చు. నిజమే, ప్రయాణానికి ఇది సైకిల్‌తో పోటీపడదు. కానీ ఆట విలువ వేగంతోనే తేలితే బస్సులున్న ఊళ్లో పరుగు పందేలు ఉండకూడదు. ప్రమాదం అన్న మాట ఇంకా బలమైనది. ముందు హ్యాండిల్ అడ్డు లేదు గనుక తక్కువ వేగంలో పడేవారు చాలావరకు కాళ్ల మీదే దిగుతారు. పెద్ద చక్రం మీదా, కొండ మీదా ఆ భరోసా ఉండదు. అక్కడ హెల్మెట్, మణికట్టు కవచాలు తప్పనిసరి. పిల్లలకు అందని విద్య అనే మాటకు జపాన్ జవాబు చెప్పింది: 1989 పాఠ్య ప్రణాళికలో ప్రాథమిక పాఠశాల వ్యాయామంలో యూనిసైకిల్‌కు చోటిచ్చింది. విన్యాసాల పోటీల్లో ఆ దేశం ముందుండటానికి ఆ పునాది ఒక కారణమని నా నమ్మకం. వికారాబాద్ బడిలోనైనా మొదలుపెట్టడానికి 20 అంగుళాల చక్రాలు కొన్ని, పట్టుకు ఒక గోడ లేదా కమ్మీ, గరుకు సిమెంటు ఆవరణ సరిపోతాయి. కాస్త కుదిరాక జట్టుకు ఐదుగురితో హాకీ ఆడించవచ్చు. పాలిష్ చేసిన నాపరాతి గచ్చు మాత్రం వద్దు, తడిస్తే టైరు జారుతుంది.