మిలిటరీ తాతల యుద్ధాలు

తెలుగు ఊళ్ళలో సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషిని అసలు పేరుతో పిలవడం తక్కువ. 'మిలిటరీ తాత' అంటే చాలు, ఇల్లు చూపిస్తారు. రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళిన అలాంటి తాతలు ఇప్పటి పిల్లలకు ముత్తాతల తరం. 1965, 1971 యుద్ధాల్లో పాల్గొన్నవాళ్ళు తాతల తరం.

1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో ఇక్కడి నాయకులను మాటమాత్రమైనా అడగకుండా భారతదేశాన్ని యుద్ధంలోకి దించాడు. అయినా యుద్ధం ముగిసేనాటికి సుమారు 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో ఉన్నారు. అంతకుముందు ఆంగ్లేయులు తెలుగువాళ్ళను, తమిళులను 'యుద్ధజాతుల' లెక్కలోంచి తీసేసి మద్రాసు పటాలాలను రద్దు చేశారు. మనుషులు కావలసి వచ్చేసరికి వాటినే మళ్ళీ లేపారు. కోస్తా, రాయలసీమ కుర్రాళ్ళు అప్పుడే చేరారు. సిపాయి జీతం నెలకు ఇరవై రూపాయల లోపే. అందులో కొంత ఇంటికి పంపమని రాసిస్తే మనియార్డరుగా వచ్చేది. తిండి, బట్ట సర్కారువి. కరువు రోజుల్లో అది చిన్న ఆశ కాదు.

కొన్ని ఊళ్ళకు మాత్రం ఇది కొత్త కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి 'మిలిటరీ మాధవరం' అనే పేరు స్థిరపడిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధానికే అక్కడినుంచి 90 మంది వెళ్ళారని చెబుతారు. తరాలు మారినా సైన్యంలో మనిషి లేని ఇల్లు అక్కడ అరుదు.

తెలంగాణ అప్పుడు నిజాం ఏలుబడిలో ఉండేది. నిజాం సైన్యంలోని మొదటి హైదరాబాద్ పటాలం మలయాలో కోట బారు విమానాశ్రయానికి కాపలా కాసింది. 1941 డిసెంబరులో జపాను సేన మలయాలో మొదట దిగింది ఆ తీరంలోనే, పెర్ల్ హార్బరు మీద బాంబులు పడడానికి కాస్త ముందు. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయాక వేలాది మంది భారతీయులు బందీలయ్యారు. కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. చేరనివాళ్ళలో చాలామందిని న్యూగినీ వైపు కూలిపనికి తరలించారు. ఏ దారి పట్టినవాడికైనా తరవాత ఊళ్ళో సంజాయిషీ చెప్పుకోవలసిన పరిస్థితే. ఇటు కోస్తాలో 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. ఆగస్టు 12న తెనాలిలో క్విట్ ఇండియా జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. అలాంటి ఏడాదిలో తెల్లవాడి యూనిఫాం వేసుకున్నవాణ్ణి ద్రోహి అనడం తేలిక, న్యాయం కాదు.

తాత తుపాకీ పేల్చనే లేదని తెలిసి మనవలు నిరాశపడుతుంటారు. నిజానికి మద్రాసు ప్రాంతంవాళ్ళలో ఎంతోమంది లారీ డ్రైవర్లు, మెకానిక్కులు, వంటవాళ్ళు, ఆసుపత్రి సహాయకులు, దారులూ వంతెనలూ కట్టే సాపర్లు. 1944లో ఇంఫాల్, కొహిమాల దగ్గర జపాను సేన ఆగిపోయిందంటే, కొండదారుల్లో బియ్యం, మందుగుండు చేరవేసినవాళ్ళ పాలు అందులో చాలా ఉంది. బడి ముఖం చూడనివాళ్ళకు సైన్యంలో ఇంగ్లీషు అక్షరాలతో రాసే ఉర్దూ నేర్పేవారు. తెలుగు చదవడం అంతంతమాత్రంగా వచ్చిన పల్లెటూరి తాత హిందుస్తానీ దంచేయడానికి కారణం ఇదే.

ట్రంకుపెట్టె అడుగున దొరికే పతకాలను చదవడం కష్టమేమీ కాదు. ఆరు కోణాల కంచురంగు నక్షత్రం ఉంటే, చుట్టూ ఏ యుద్ధరంగం పేరుందో చూడాలి: ఆఫ్రికా, ఇటలీ, బర్మా. బర్మా నక్షత్రపు రిబ్బను ముదురు నీలం, నడుమ ఎర్రచార, దానికి అటూ ఇటూ నారింజరంగు. ఒక పక్క రాజు తల, ఇంకో పక్క భారతదేశ పటం ఉన్న గుండ్రటి పతకం ఇండియా సర్వీస్ మెడల్. 1965కి సమర సేవా స్టార్, 1971లో తూర్పున పూర్వీ స్టార్, పడమట పశ్చిమీ స్టార్. స్వతంత్ర భారతపు పతకాల మీద సైనికుడి నంబరు, పేరు చెక్కి ఉంటాయి. భూతద్దం పెడితే కనబడతాయి. డిశ్చార్జి కాగితంలో 'జమేదార్' అని ఉంటే కంగారు పడనక్కర్లేదు. ఇప్పటి నాయబ్ సుబేదార్ హోదాకు పాతపేరు అది.

తిరిగి రానివారి పేర్లు రాళ్ళమీద ఉన్నాయి. రంగూన్ దగ్గర తౌక్యాన్ స్మారకం మీద దాదాపు 27,000, సింగపూరు క్రాంజీ స్మారకం మీద 24,000కు పైగా. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం వారి జాబితాలో పేరు కొట్టి వెతకవచ్చు. మన పేర్లను తెల్లదొరలు చెవికి తోచినట్టు రాశారు గనక నాలుగైదు రకాల స్పెల్లింగులు ప్రయత్నించాలి.

తిరిగి వచ్చినవారి వివరాలు రెజిమెంటు రికార్డు ఆఫీసుల్లో ఉంటాయి. మద్రాసు రెజిమెంటుకు నీలగిరుల్లోని వెల్లింగ్టన్, మద్రాసు సాపర్లకు బెంగళూరు. ఉత్తరం రాసేటప్పుడు నంబరు, పేరు, యూనిట్, ఊరు తెలిసి ఉండాలి. అవి తెలిసిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉండగానే, వచ్చే సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు అడిగి రాసిపెట్టుకోండి.