ఒకే జీవశాస్త్రం, రెండు కళాశాలలు

విదేశాలలో జీవశాస్త్రం అభ్యసించగోరే బైపీసీ విద్యార్థులు ముందుగా విశ్వవిద్యాలయం పేరును చూస్తారు. అందులో ఏ కళాశాలలో చేరుతున్నారన్నది తరువాతి విషయంగా భావిస్తారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయాన్ని పరిశీలిస్తే ఈ క్రమం సరికాదని తెలుస్తుంది.

1865లో స్థాపితమైన కార్నెల్, న్యూయార్క్ రాష్ట్రపు ల్యాండ్ గ్రాంట్ విశ్వవిద్యాలయం. 1964లో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి కూడా ఈ ల్యాండ్ గ్రాంట్ విధానమే నమూనా. కార్నెల్‌లో జీవశాస్త్రాన్ని వ్యవసాయ, జీవశాస్త్రాల కళాశాలలోనూ, కళలు, శాస్త్రాల కళాశాలలోనూ ప్రధానాంశంగా అభ్యసించవచ్చు. మూల పాఠ్యాంశాలు రెండింటికీ ఉమ్మడి. విద్యార్థులు ఒకే తరగతిలో, ఒకే ప్రయోగశాలలో కలిసి చదువుతారు.

భేదమంతా మిగిలిన పాఠ్యప్రణాళికలో ఉన్నది. కళలు, శాస్త్రాల కళాశాలలో అన్యభాషాధ్యయనం ఒక నిబంధన; అక్కడ లభించేది బి.ఎ. పట్టా. వ్యవసాయ కళాశాలలో లభించేది బి.ఎస్. పట్టా, అక్కడ నిర్ణీత సంఖ్యలో క్రెడిట్లను ఆ కళాశాల కోర్సుల నుండే సంపాదించాలి. ఆ కళాశాలలో న్యూయార్క్ రాష్ట్రవాసులకు బోధన రుసుము తక్కువ. భారతీయ విద్యార్థికి ఆ రాయితీ వర్తించదు కనుక, అతని ఎంపికకు రుసుము ఆధారం కాజాలదు.

వ్యవసాయ కళాశాల మౌలిక పరిశోధనకు దూరమన్న అభిప్రాయమూ నిలువదు. బార్బరా మెక్‌క్లింటాక్ 1923లో కార్నెల్ వ్యవసాయ కళాశాల నుండే పట్టభద్రురాలైనది. మొక్కజొన్నలో స్థానం మార్చుకొనే జన్యు భాగాలను కనుగొన్నందుకు 1983లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది.

అయితే మన విద్యార్థి విషయంలో అసలు చిక్కు మరొకటి. కళాశాల పేరులో వ్యవసాయం ఉన్నంత మాత్రాన అక్కడి జీవశాస్త్ర పట్టా మన బి.ఎస్సీ. వ్యవసాయ పట్టాకు సమానం కాదు. సేద్యశాస్త్రం, మృత్తికాశాస్త్రం, విస్తరణ విద్య, గ్రామీణ వ్యవసాయ పని అనుభవం వంటి అంశాలన్నీ అందులో తప్పనిసరి కావు. స్వదేశంలో ఎం.ఎస్సీ. వ్యవసాయం చదివి విస్తరణ సేవలో చేరదలచినవారు ప్రవేశార్హతను ముందే సరిచూసుకోవాలి. నాలుగేళ్ల చదువు ముగిసిన తరువాత ఆ లోటును పూరించుకోవడం కష్టం, వ్యయభరితం.

కార్నెల్‌లో కళాశాలను దరఖాస్తు సమయంలోనే ఎంచుకోవాలి. కావున సలహా కోరి వచ్చిన కుటుంబానికి విస్తరణ శాస్త్రవేత్త ముందుగా చూపవలసినది ర్యాంకుల పట్టికను కాదు. రెండు కళాశాలల నిబంధనలను పక్కపక్కన ఉంచి, పట్టా పొందిన తరువాత విద్యార్థి ఎక్కడ, ఏ వృత్తిలో స్థిరపడదలచాడో అడిగి తెలుసుకోవాలి. ఎంపికకు ఆ సమాధానమే ఆధారం కావాలి.