కోతి జ్వరము

అడవి జంతువుల వ్యాధులు మనుష్యులకు సోకుననగానే, జంతువును ముట్టుటయో, అది కరచుటయో మనకు స్ఫురించును. కాని కొన్ని వ్యాధులు దాటి వచ్చుటకు నడుమ మరియొక జీవి కావలయును. మన దేశమునందే బయటపడిన ఒక జ్వరము ఇందుకు తార్కాణము.

1957వ సంవత్సరమున, నాటి మైసూరు రాష్ట్రములోని షిమోగా జిల్లాలో, క్యాసనూరు అడవియందు కోతులును కొండముచ్చులును వరుసగా మరణించినవి. అదే కాలమున, కట్టెలకును పశువుల మేతకును ఆ అడవికి పోవు గ్రామస్థులకు తీవ్రమైన జ్వరము వచ్చినది. విపరీతమైన తలనొప్పి, ఒడలి నొప్పులు, కొందరికి రక్తస్రావము దాని లక్షణములు. ఆఫ్రికా ఖండమునందలి ఎల్లో ఫీవరు ఇచట ప్రవేశించినదేమోయని మొదట శంకించిరి. పూనాలోని వైరసు పరిశోధన కేంద్రమువారు పరీక్షించి, ఇది పిడుదుల మూలమున వ్యాపించు క్రొత్త వైరసని తేల్చిరి. వ్యాధికి ఆ అడవి పేరే పెట్టిరి. జనులు మాత్రము కోతి జ్వరమనిరి.

పిడుదు పిల్లదశలో ఎలుక, చుంచు వంటి వాని రక్తము పీల్చి వైరసును గ్రహించును. పెరిగి మరియొక జంతువును కరచి దానికి అందించును. కోతి ఒడలిలో వైరసు విశేషముగా వృద్ధి పొందును. కోతి మరణించి దేహము చల్లబడగనే, పిడుదులు దానిని విడిచి నేలకు రాలును. ఆ త్రోవన నడచువానికి అదియే అపాయము. పశువులను ఈ జ్వరము అంతగా బాధింపదు. కాని పిడుదులు వాని రక్తము త్రాగి సంతతిని పెంచుకొనును. కావున అడవిలో మంద తిరిగిన కొలది పిడుదులును పెరుగును.

సోకినవారిలో నూటికి ముగ్గురు మొదలు అయిదుగురు వరకు మరణింతురు. వైరసును నేరుగా హరించు ఔషధము లేదు. వేళకు ఆసుపత్రి చేరుటయే శరణ్యము. 2012 మొదలు ఈ వ్యాధి కేరళ, గోవా, మహారాష్ట్ర ప్రాంతములందును కనబడినది.

ఇది మనిషినుండి మనిషికి అంటదు; రోగిని దూరముంచ నక్కరలేదు. కోతులను చంపుటయు తగదు. అవియు రోగపీడితములే, పైగా వాని మరణమే ఊరికి తొలి హెచ్చరిక. అట్టి అడవుల దాపున కోతి చచ్చిపడియున్నచో దరికి పోక, వెంటనే ఆరోగ్యశాఖకో అటవీశాఖకో తెలుపవలెను. అడవికి పోక తప్పనివారు ఒడలు నిండ వస్త్రము ధరించి, ఇంటికి రాగానే వేడినీట స్నానము చేసి, బట్టలు ఉతికి, ఒంటిమీద పిడుదులున్నవేమో వెదకుకొనవలెను. ఆవగింజంతటి పురుగు కరచుట తెలియకపోవచ్చును, వెదకినచో దొరకును.